రోమ్‌లో గంగమ్మకి గడ్డం

పోయిన సంచికలో "రోమ్ వెళ్తే పాత ఊరిని గైడ్‌తో నడిచి చూడండి" అని ఒక్క వాక్యం రాసి వదిలేశాను. దానికి ఇన్ని ప్రశ్నలు వస్తాయనుకోలేదు. ఒకే సంగతి చాలామంది అడిగిన చోట ఒకరి ఉత్తరమే తీసుకున్నాను. ఇద్దరు ముగ్గురు పేరు వేయొద్దన్నారు, అందుకని ఎవరి పేరూ వేయలేదు.

ప్రశ్న: మేమిద్దరం రిటైరయ్యాం. అమ్మాయి దగ్గరికి వెళ్తూ రోమ్‌లో రెండు రోజులు ఆగుతున్నాం. ఫోన్‌లో మ్యాప్ ఉంది, యూట్యూబ్‌లో వీడియోలు బోలెడు. ఇంక ఒక మనిషి వెంట తిరగడానికి డబ్బు పెట్టడం దండగ అంటున్నారు మావారు. నిజమేనా?

సగం నిజమేనండి. దారి చూపించడానికైతే గైడ్ అక్కర్లేదు. స్పానిష్ మెట్ల దగ్గర మొదలుపెట్టి ట్రెవీ ఫౌంటెన్, అక్కణ్ణించి పాంథియాన్, తర్వాత పియాజ్జా నవోనా, ఆఖరికి కాంపో దె ఫియోరీ, అన్నీ కలిపినా రెండు, రెండున్నర కిలోమీటర్లు. ఫోన్ చూసుకుంటూ గంటలో చుట్టేయొచ్చు. మొదటిసారి నేనూ అలాగే చుట్టేశాను. నవోనా చౌక్ నడిమధ్యన పెద్ద ఫౌంటెన్, దాని మీద నిటారుగా లేచిన రాతి స్తంభం, కింద బండల మీద నలుగురు భారీ మనుషులు. నాలుగు ఫొటోలు, ఒక సెల్ఫీ, పదండి పదండి అనుకుంటూ వచ్చేశాం.

రెండోసారి గైడ్‌తో వెళ్లినప్పుడు ఆవిడ మమ్మల్ని ఆ ఫౌంటెన్ చుట్టూ సగం తిప్పి, ఒక విగ్రహం ముందు నిలబెట్టి, "మీరు ఇండియా వాళ్లు కదా, ఈయనెవరో చెప్పండి" అంది. ఇంత గడ్డం, కండలు తిరిగిన ఒళ్లు, చేతిలో పొడుగాటి తెడ్డు, దర్జాగా వెనక్కి వాలి కూర్చున్నాడు. ఎవరికీ తట్టలేదు. "గంగ" అంది.

మన గంగమ్మే! బెర్నీనీ అనే శిల్పి 1651లో పూర్తి చేసిన ఆ కట్టడం పేరే నాలుగు నదుల ఫౌంటెన్. ఆఫ్రికాకి నైలు, యూరప్‌కి డాన్యూబ్, అమెరికాకి రియో దె లా ప్లాతా, ఆసియాకి గంగ. నదుల్ని గడ్డాలున్న మగదేవుళ్లుగా చెక్కడం అక్కడ పాతకాలం నుంచీ ఉంది, దాంతో గంగమ్మకీ గడ్డం తప్పలేదు. తెడ్డు ఎందుకంటే ఆ నదిలో పడవలు బాగా నడుస్తాయని చెప్పడానికి. పక్కనే నైలు తల మీద గుడ్డ కప్పి ఉంటుంది. అది ఎక్కడ పుడుతుందో అప్పటికి యూరప్ వాళ్లకి తెలియదు మరి. మొదటిసారి నేను తీసిన ఫొటోల్లో ఇవన్నీ ఉన్నాయి, ఇంటికొచ్చాక వెతికి చూసుకుని నాకు నేనే నవ్వుకున్నాను.

ఆవిడ చేసిన ఇంకో పని చెప్తాను. ట్రెవీ దగ్గర అందరూ నాణేలు విసిరే హడావిడిలో ఉంటే, "ఈ నీళ్లు ఎక్కణ్ణించి వస్తున్నాయి?" అని అడిగింది. ఫౌంటెన్ పూర్తయింది 1762లో. దానికి నీళ్లిచ్చే కాలువ మాత్రం క్రీస్తుపూర్వం 19లో అగ్రిప్పా అనే ఆయన వేయించినది. మధ్యలో మరమ్మతులు చాలా జరిగినా నీళ్లు ఈ రోజుకీ ఆ కాలువ పేరు మీదే వస్తున్నాయి. "అగ్రిప్పా, ఈ పేరు గుర్తుంచుకోండి" అని ఊరుకుంది. పది నిమిషాలు నడిచి పాంథియాన్ ముందుకి వచ్చేసరికి నుదుటి మీద పెద్ద పెద్ద అక్షరాల్లో అదే పేరు! ట్రెవీకీ పాంథియాన్‌కీ మధ్య దారి మ్యాప్ నాకూ చూపించింది, ఈ చుట్టరికం మాత్రం చెప్పలేదు. ఇలాంటివి నాలుగు దొరికితే గైడ్‌కిచ్చిన డబ్బు గిట్టుబాటయినట్టే.

మీ రెండు రోజులకి నా సలహా: మొదటి రోజు పొద్దున్నే గైడ్‌తో నడవండి. రెండో రోజు, నచ్చిన రెండు చోట్లకి మీరిద్దరే వెళ్లి తీరిగ్గా కూర్చోండి. చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు. ఊరంతా తిరిగి అలిసిపోయాక ఆఖరి రోజు గైడ్‌ని పెట్టుకుని, ఆయన చెప్తుంటే "అయ్యో, ఇది నిన్న చూడలేదే" అనుకుంటారు.

ప్రశ్న: నాకు ఇంగ్లిష్ చదివితే అర్థమవుతుంది, ఎదుటివాళ్లు మాట్లాడితే సగం పోతుంది. ఇటాలియన్ యాసలో అయితే ఇంకా కష్టమేమో. గుంపులో బిక్కమొహం వేసుకుని నిలబడాలంటే ఇప్పట్నుంచే టెన్షన్‌గా ఉంది.

ఈ భయం చాలామందికి ఉంది, పైకి చెప్పరు. పోయేది నిజానికి మాట కాదు, పేరు. గైడ్ "హేడ్రియన్" అన్నాడనుకోండి, అది మనిషి పేరో ఊరి పేరో తేల్చుకునేలోపు మూడు వాక్యాలు దాటిపోతాయి. అందుకే ముందు రాత్రి ఒక అర డజను పేర్లు తెలుగులో రాసుకుని చదువుకోండి: అగ్రిప్పా, డొమీషియన్, హేడ్రియన్, బెర్నీనీ, బొరోమినీ, జోర్డానో బ్రూనో. పాత ఊరి నడకలో ఈ ఆరుగురూ తగలకుండా పోరు. పేరు తెలిసి ఉంటే చుట్టూ ఉన్న ఇంగ్లిష్ దానంతటదే కుదురుకుంటుంది.

ఉదాహరణకి పాంథియాన్ మీది అక్షరాలే తీసుకోండి. లాటిన్‌లో ఉంటుంది, అర్థం ఇంతే: లూసియస్ కొడుకు మార్కస్ అగ్రిప్పా మూడోసారి కాన్సుల్ అనే పెద్ద పదవిలో ఉండగా దీన్ని కట్టించాడు. కానీ అగ్రిప్పా కట్టించినది ఎప్పుడో కాలిపోయింది. మనం చూసేది హేడ్రియన్ చక్రవర్తి కాలంలో, దాదాపు క్రీస్తుశకం 125 ప్రాంతంలో పూర్తయిన కట్టడం, ఆయన మాత్రం పాత పేరే ఉంచేశాడు. తన డబ్బుతో కట్టించి ఇంకొకరి పేరు చెక్కించడం ఇప్పటి రోజుల్లో ఊహించండి, బోరు బావికి కూడా ఫ్లెక్సీ కట్టే కాలం మనది. ఈ సంగతంతా గైడ్ నిమిషంలో చెప్పేస్తారు. రెండు పేర్లూ ముందే తెలిసి ఉంటే ఆ నిమిషం మీదే.

పెద్ద గుంపులకి చెవిలో పెట్టుకునే చిన్న రేడియో ఇస్తారు, అది మంచిదే, గైడ్ ఇరవై అడుగుల దూరంలో ఉన్నా వినపడుతుంది. ఇంకా మంచిది పది పన్నెండు మంది లోపు ఉండే చిన్న టూర్. మొదట్లోనే వెళ్లి "కొంచెం నెమ్మదిగా చెప్పండి, నాకు ఇంగ్లిష్ రెండో భాష" అనండి. వాళ్లకీ రెండో భాషే, ఏమీ అనుకోరు. సంవత్సరాలు అర్థం కాకపోతే చేతి మీద అంకెలు రాసి చూపించమనండి, నేను అడిగాను, ఆవిడ సంతోషంగా రాసి చూపించింది.

ప్రశ్న: అమ్మకి డెబ్భై. మోకాళ్ల నొప్పులున్నాయి కానీ రోమ్ చూడాలని పట్టుదల. నడక టూర్ తట్టుకోగలదా?

దూరం గురించి భయం లేదు, పైన చెప్పాను కదా. ఇబ్బంది రెండు చోట్ల వస్తుంది. ఒకటి, ఆ వీధుల్లో పరిచిన నల్లరాళ్లు. అరచేయంత బసాల్ట్ రాళ్లు, 'సాంపియెత్రీనీ' అంటారు. వందల ఏళ్లుగా అరిగి నున్నగా ఉంటాయి, ఒకటి ఎత్తు, ఒకటి పల్లం, మధ్యలో సందులు, వాన పడితే జారుడు. మెత్తటి మందపాటి అడుగున్న బూట్లు ఉండాల్సిందే, అవీ నెల ముందే కొని ఇంట్లో వాడి ఉండాలి. కొత్త బూట్లతో రోమ్‌లో దిగడం కంటే తెలివితక్కువ పని ఇంకోటి లేదు. చీర కుచ్చిళ్లు కూడా రెండంగుళాలు పైకి కట్టుకోమనండి.

రెండోది ఎవరూ చెప్పరు: నడవడం కంటే నిలబడటం కష్టం. ప్రతి చోటా గైడ్ ఎనిమిది పది నిమిషాలు మాట్లాడతారు, ఆ సేపంతా నించునే వినాలి. మోకాళ్లకి అసలు పరీక్ష అక్కడ. మడిచి సంచిలో పెట్టుకునే చిన్న స్టూలు దొరికితే తీసుకెళ్లండి. స్పానిష్ మెట్ల మీద కూర్చుందామని మాత్రం అనుకోకండి, 2019 నుంచి అక్కడ కూర్చుంటే జరిమానా. చర్చిల్లో బెంచీలుంటాయి, చాలా వాటికి టికెట్ లేదు, చల్లగా కూడా ఉంటాయి. భుజాలూ మోకాళ్లూ కప్పి ఉంటే చాలు, అమ్మ చీరలోనే ఉంటారు కాబట్టి ఆ గొడవ లేదు.

మీ బడ్జెట్ ఒప్పుకుంటే గుంపు టూర్ వద్దు, మీ ఇంటివాళ్లకే ఒక గైడ్‌ని మాట్లాడుకోండి. "మా అమ్మ నడకే మన నడక" అని బుక్ చేసేటప్పుడే చెప్పండి. వేసవిలో అయితే పొద్దున ఎనిమిదికి మొదలుపెట్టి పదిన్నరకి ముగించేయాలి. జులై, ఆగస్టు మధ్యాహ్నాలు అక్కడ మన ఎండలకి తీసిపోవు.

నీళ్లకి మాత్రం లోటు లేదు. వీధి మలుపుల్లో నడుమెత్తున ఇనప కుళాయి స్తంభాలుంటాయి, వంగిన గొట్టం ముక్కులా ఉంటుందని వాటిని 'నాసోనీ' అంటారు, అంటే పెద్దముక్కులన్నమాట. 1874 నుంచి పెడుతూ వచ్చారు, తాగేనీళ్లే, రాత్రింబగళ్లు పారుతూనే ఉంటాయి. ఖాళీ సీసా పట్టుకెళ్తే చాలు. బాత్రూమ్ సంగతి వేరు, బయట తక్కువ, కాఫీ కొట్టులో ఏదో ఒకటి కొని వాడుకోవాలి. బయల్దేరే ముందే హోటల్లో కానిచ్చేయండి.

ప్రశ్న: పోయినేడాది రోమ్‌లో మా గైడ్, నవోనా ఫౌంటెన్‌లో ఒక విగ్రహం చెయ్యెత్తి ఎదురుగా ఉన్న చర్చి తన మీద కూలుతుందేమోనని భయపడుతోందనీ, చర్చి కట్టిన బొరోమినీ మీద బెర్నీనీ వేసిన సెటైర్ అదనీ రసవత్తరంగా చెప్పాడు. ఇంటికొచ్చి చదివితే ఫౌంటెన్ అయిపోయింది 1651లో, చర్చి మొదలైంది 1652లో! లేని చర్చి చూసి విగ్రహం ఎలా భయపడుతుంది? డబ్బిచ్చి అబద్ధాలు విన్నట్టుంది.

తారీఖులు మీరు చెప్పినవే సరైనవి. బొరోమినీ ఆ పనిలోకి వచ్చింది 1653లో. ఆ ఇద్దరికీ పోటీ ఉన్న మాట నిజం, విగ్రహం భయపడటం మాత్రం తర్వాతివాళ్లు అల్లిన కథ. అయినా ఆ కథ నేను మూడుసార్లు విన్నాను, నాలుగోసారి చెప్పినా వింటాను. మూడున్నర శతాబ్దాల కిందటి ఇద్దరు కళాకారుల పోటీని ఊరి జనం ఇంకా అంత ఇష్టంగా చెప్పుకుంటున్నారంటే అది కూడా ఆ ఊరి గురించి ఒక సమాచారమే. నాకు కోపం వచ్చేది కథని కథ అని చెప్పకుండా చరిత్ర ముఖం పెట్టి చెప్పినప్పుడు. మీ కోపమూ అదే అనుకుంటాను.

దీనికి ఒక చిన్న పరీక్ష ఉంది. ఏదైనా మరీ అతికినట్టు, మరీ సినిమాలా అనిపిస్తే నవ్వుతూనే అడిగేయండి: "ఇది కథా, రికార్డా?" మంచి గైడ్ అయితే ఆ ప్రశ్న కోసమే ఎదురుచూస్తున్నట్టు ముఖం వెలుగుతుంది, కథ పక్కనే నిజం కూడా చెప్తారు. మొహం మాడ్చుకుంటే అర్థం చేసుకోండి. ఇటలీలో గైడ్ పని చేయాలంటే లైసెన్సు ఉండాలి, ఆ కార్డు ఉందో లేదో మొదట్లోనే చూసుకోవడంలో తప్పు లేదు. కార్డు ఉన్నంత మాత్రాన కల్పనలు చెప్పరని కాదు, కానీ కనీసం చదువుకుని వచ్చినవాళ్లు.

అల్లిక అవసరమే లేని చోట్లు కూడా ఉన్నాయి. కాంపో దె ఫియోరీలో పొద్దున సంత జరుగుతుంటుంది, కూరగాయలూ పూలూ, ఆ దుకాణాల మధ్య ముసుగు కప్పుకుని తల వంచిన నల్లటి విగ్రహం. జోర్డానో బ్రూనో. విశ్వానికి అంతం లేదని, నక్షత్రాలు కూడా సూర్యుళ్లేనని అన్నాడు. ఆ మాటలతో పాటు మతం మీద చెప్పినవీ కలిపి మతద్రోహం కింద తేల్చి, 1600 ఫిబ్రవరి 17న సరిగ్గా ఆ చౌక్‌లోనే సజీవ దహనం చేశారు. విగ్రహం పెట్టింది 1889లో. నాతో వచ్చిన గైడ్ అక్కడ ఈ రెండు తారీఖులు చెప్పి, ఇంకేం మాట్లాడకుండా మమ్మల్ని ఐదు నిమిషాలు వదిలేసింది. ఆ రోజు ఆవిడ చేసిన పనుల్లో నాకు బాగా నచ్చింది అదే.

ప్రశ్న: 'ఫ్రీ టూర్' అని నెట్‌లో కనిపిస్తున్నాయి. నిజంగా ఫ్రీనా?

కాదు. చివర్లో మీకు తోచినంత ఇవ్వాలి, ఆ గైడ్‌కి వచ్చేది అదే. ఊరికే వస్తుంది కదా అని వెళ్లి, ఆఖరి మలుపులో మెల్లగా జారుకునేవాళ్లని చూశాను, వాళ్లలో మనవాళ్లూ ఉన్నారు. అంత చెడ్డగా ఉంటే మధ్యలోనే థాంక్స్ చెప్పి వెళ్లిపోండి, అది మర్యాదే. చివరిదాకా విన్నాక మాత్రం ఇవ్వాలి.

ప్రశ్న: పిల్లలకి తొమ్మిది, పన్నెండేళ్లు. చరిత్ర అంటే పారిపోతారు. రెండున్నర గంటలు ఎలా?

చరిత్ర అనకండి, సరిపోతుంది. నాసోనీ కుళాయితో మొదలుపెట్టండి: గొట్టం చివర వేలితో మూస్తే పైనున్న చిన్న కన్నంలోంచి నీళ్లు చివ్వున పైకి లేస్తాయి, నోరు పెట్టి తాగడానికి వీలుగా. ఒకసారి చూపిస్తే ప్రతి వీధిలోనూ వాళ్లే వెతుక్కుంటారు. బట్టలు తడిస్తే తడవనివ్వండి.

తర్వాత పాంథియాన్ వెనకవైపు మినర్వా చౌక్‌లో ఒక ఏనుగు ఉంది. వీపు మీద ఈజిప్టు రాతి స్తంభం మోస్తూ, తొండం పక్కకి తిప్పి, కొంచెం అల్లరిగా చూస్తుంటుంది. బెర్నీనీ గీసిచ్చిన నమూనాతో 1667లో పెట్టారు. స్తంభం నిజంగానే ఈజిప్టుది, ఏనుగు కంటే రెండు వేల ఏళ్లు పెద్దది.

అసలు తమాషా సాంత్ ఇన్యాత్సియో చర్చిలో. తలుపు దాటి లోపలికి వెళ్తే నేల మీద గుండ్రటి రాయి పొదిగి ఉంటుంది. దాని మీద నిలబడి పైకి చూస్తే పెద్ద గోపురం, స్తంభాలు, కిటికీలు, లోపలికి పడుతున్న వెలుతురు. పిల్లల్ని అలా చూస్తూనే ముందుకి నడవమనండి. నడిచేకొద్దీ గోపురం వంగిపోతుంది, మెలితిరుగుతుంది, కిందికి వచ్చేసరికి చదును. గోపురం లేదు! ఆంద్రేయా పోత్సో 1685లో గుడ్డ మీద వేసిన బొమ్మ అది. నాతో ఉన్న టూర్‌లో ఒక పిల్లాడు ఆ రాయి మీదికీ అవతలికీ ఏడెనిమిది సార్లు పరిగెత్తాడు, గైడ్ ఆపలేదు. ఆ చర్చిలో కప్పు ఫొటోల కోసం ఒక అద్దం పెట్టి ఉంటుంది, దాని ముందు పెద్ద క్యూ. దాని జోలికి పోకండి, రాయి దగ్గర క్యూ ఉండదు.

నడిచేటప్పుడు బోర్ కొట్టకుండా ఒక లెక్క కూడా పెట్టొచ్చు. ఎస్, పి, క్యూ, ఆర్ అనే నాలుగక్షరాలు ఎన్నిచోట్ల కనిపిస్తాయో చూడమనండి. 'సెనేట్, రోమ్ ప్రజలు' అని దాని అర్థం, రెండు వేల ఏళ్ల నాటి రాజముద్ర, ఇప్పుడు మ్యాన్‌హోల్ మూతల మీద కూడా ఉంటుంది.

ప్రశ్న: పొద్దున వాటికన్, మధ్యాహ్నం కొలోసియం, సాయంత్రం నడక టూర్. కుదురుతుందా?

కాగితం మీద కుదురుతుంది. కాళ్ల మీద కుదరదు. ఒక రోజుకి ఒక పెద్దది చాలు. కొలోసియం టికెట్ మీద పేరు, టైమ్ రెండూ ఉంటాయి, పాస్‌పోర్ట్ దగ్గర పెట్టుకోండి, ఆలస్యమైతే ఆ టికెట్ మీద ఆశ వదులుకోవడమే.

ప్రశ్న: గుంపు నుంచి తప్పిపోతే ఏం చేయాలి?

స్వానుభవం ఉంది కాబట్టి చెప్తాను. ట్రెవీ దగ్గర జనంలో ఫొటోలు తీస్తూ తల తిప్పేసరికి మావాళ్లు లేరు. గైడ్ పట్టుకున్న పసుపు గొడుగు కోసం చూస్తే, చుట్టూ గొడుగులు పట్టుకున్న గైడ్లే నలుగురున్నారు. చెవిలో రేడియో గరగరలాడి ఆగిపోయింది. తప్పు నాదే, తర్వాతి మజిలీ ఏమిటో ఆవిడ చెప్పింది, నేను వినలేదు. ఏదో గుంపు వెనకాల కొంతసేపు నడిచాను కూడా, వాళ్లు స్పానిష్‌లో మాట్లాడుతుంటే అప్పుడు తెలిసింది. అందుకని మొదట్లోనే గైడ్ నంబర్ ఫోన్‌లో వేసుకోండి, ప్రతి చోటా "నెక్స్ట్ ఎక్కడికి" అని అడిగి ఉంచుకోండి. ట్రెవీ దగ్గర సంచి ముందుకి వేసుకోండి, మీరు నీళ్ల వైపు చూస్తున్నంతసేపూ మీ జేబు వైపు చూసేవాళ్లు ఉంటారు.

ప్రశ్న: ఆ రోజు వాన పడితే టూర్ దండగేనా? పాంథియాన్ కప్పుకి పెద్ద కన్నం ఉన్నా లోపల చినుకు పడదంటారు, నిజమేనా?

పడుతుంది, సుబ్బరంగా పడుతుంది. గోపురం అడ్డం 43.3 మీటర్లు, నేల నుంచి ఆ కన్నం దాకా ఎత్తూ అంతే, అంటే లోపల ఒక పెద్ద బంతి సరిగ్గా పడుతుంది. ఇనప ఊచ ఒక్కటి లేకుండా పోసిన కాంక్రీటు గోపురాల్లో ప్రపంచంలో ఇప్పటికీ అదే పెద్దది. కన్నం ఎనిమిది తొమ్మిది మీటర్ల వెడల్పు, దానికి అద్దమూ లేదు, మూతా లేదు. అందుకే నేల మధ్యలో కొంచెం ఉబ్బెత్తుగా ఉండి, పాలరాతిలో చిన్న చిన్న కన్నాలుంటాయి, నీళ్లు అందులోంచి కిందికి పోతాయి.

వాన మొదలైతే గైడ్‌ని అడిగి పాంథియాన్‌ని ముందుకి జరిపించండి. 2023 నుంచి లోపలికి టికెట్ ఉంది, అది ముందే తీసి ఉంచుకోండి. మధ్యలో తాడు కట్టి ఎవరినీ రానివ్వరు, తాడు దగ్గరే నిలబడండి. చుట్టూ వందల మంది ఉన్నా అందరూ తల పైకెత్తి ఉంటారు, గుండ్రటి వాన ఒకటి కప్పు లోంచి నేరుగా దిగి చలువరాళ్ల మీద చప్పుడు చేస్తుంటుంది. గొడుగు మూసేయండి, అక్కడ అది అడ్డం.